క్త్వార్థకం, క్రమం, కర్త: కుండీల సాగు పేటెంటు క్లెయిమును తెలుగులో చదవడం

పేటెంటు పత్రం ఎన్ని పుటలు సాగినా, దాని హక్కు నిలిచేది సంఖ్యలు వేసి రాసిన కొన్ని వాక్యాల మీద. వాటిని న్యాయవాదుల వాడుకలో క్లెయిములు అంటారు. తెలుగులో 'దావా' అంటే వ్యాజ్యం స్ఫురిస్తుంది. 'హక్కు' అంటే ఫలితం ముందే తేలిపోయినట్టుంటుంది. అందువల్ల ఈ వ్యాసంలో క్లెయిము అన్న మాటనే వాడడమైనది. ఆచారం ప్రకారం ఒక్కో క్లెయిము ఒకే వాక్యం. ఎన్ని అర్ధవిరామాలున్నా పూర్ణబిందువు మాత్రం ఒక్కటే. పొలానికి సరిహద్దు రాళ్లు ఎటువంటివో పేటెంటుకు ఆ వాక్యంలోని పదాలు అటువంటివి. ఆ వాక్యానికి ముందుండే సుదీర్ఘమైన వివరణ, పటాలు దానిని అర్థం చేసుకోవడానికి తోడ్పడతాయి గాని స్వయంగా హద్దులు గీయవు.

తెలుగునాట పేటెంట్ల మీద చర్చ పసుపు, వేప, బాస్మతి వివాదాలతో పెరిగింది. ఆ చర్చ అవసరమైనదే. అయితే అది చాలావరకు పేటెంటు పేరు దగ్గరే ఆగింది. అమెరికాలో 1995లో మంజూరై, సి.ఎస్.ఐ.ఆర్. అభ్యంతరంతో 1997లో రద్దయిన పేటెంటు గురించి "పసుపును పేటెంటు చేశారు" అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. అక్కడ క్లెయిము చేసింది గాయం మానడానికి పసుపును ఉపయోగించే పద్ధతిని. ఈ తేడా చెప్పినంత మాత్రాన ఆ పేటెంటు న్యాయమైనదైపోదు. ఆ పద్ధతి కూడా మనకు పాతదే కనుక రద్దయింది. కాని నామవాచకాన్ని చదివి క్రియను వదిలేసే అలవాటు అటువంటి చర్చల్లోనే స్థిరపడినట్టుంది. పద్ధతి మీద హక్కు కోరే క్లెయిములో బరువంతా క్రియల మీదే ఉంటుంది. ఆ క్రియలను తెలుగులోకి తెచ్చేటప్పుడు ఏ రూపంలో తెస్తున్నామన్నదానిని బట్టి హక్కు హద్దు మారిపోతుంది. దీనిని కుండీల సాగు క్లెయిము ఆధారంగా నిరూపించవచ్చు.

నమూనా

ఫ్లోరిడా టమాటా రైతు బ్లేక్ విజనెంట్ పేరుతో ముడిపడిన 'ఎర్త్‌బాక్స్' 1990లలో అమెరికాలో పేటెంట్లు పొందిన సాధనం. చూడడానికి సాదా ప్లాస్టిక్ పెట్టె. అడుగున నీటి అర ఉంటుంది. దాని మీద రంధ్రాల పలక. మూలల్లో మాత్రం మట్టి మిశ్రమం పలక కిందికి దిగి నీటిని తాకుతుంది. దీపంలో వత్తి నూనెను లాగినట్టు ఆ మట్టి నీటిని పైకి లాగుతుంది. నీరు పోయడానికి నిలువు గొట్టం, ఎక్కువైన నీరు బయటికి పోవడానికి పక్కన ఒక రంధ్రం ఉంటాయి. మిశ్రమం పైభాగంలో ఎరువును చల్లకుండా ఒక పట్టీగా వేసి, మొత్తాన్ని ప్లాస్టిక్ కవరుతో కప్పుతారు. 1990ల నాటి పేటెంట్ల కాలం ముగిసింది కాబట్టి ఆ పెట్టె తయారీ ఈనాడు వివాదం కాదు. అయితే ఆ తరహా పెట్టెకు చిన్న మార్పు చేసి, వాడే పద్ధతికి కొత్తగా హక్కు కోరే వీలు ఎప్పుడూ ఉంటుంది.

అటువంటి పెట్టె వాడకాన్ని బట్టి ఒక నమూనా క్లెయిమును కూర్చుకోవచ్చు. ఇది ఏ పేటెంటు నుంచీ తీసుకొన్నది కాదు. "మొక్కలు పెంచే పద్ధతి, అందులో ఇవి ఉంటాయి: అడుగున నీటి అర, దానిపై రంధ్రాల పలక గల తొట్టెను సమకూర్చడం, ఆ తొట్టెను మట్టి మిశ్రమంతో నింపడం, ఆ మిశ్రమం పైభాగంలో ఎరువును పట్టీగా వేయడం, ఆ మిశ్రమాన్ని నీరు చొరని కవరుతో కప్పడం, ఆ కవరులోని చీలికల గుండా మొక్కలు నాటడం, గొట్టం ద్వారా ఆ నీటి అరలో నీరు పోయడం."

పదాల దగ్గర

'తొట్టె' అన్న మొదటి మాట దగ్గరే చిక్కు మొదలవుతుంది. ఆంగ్ల క్లెయిములో ఉండే 'కంటెయినర్' దేనినైనా పట్టగలిగే మాట. తెలుగులో దానికి సమానంగా 'కుండీ' అంటే గ్రో బ్యాగు అందులోకి వస్తుందా అన్న సందేహం పుడుతుంది. 'పాత్ర' వంటింటి వైపు లాగుతుంది. 'తొట్టె' అంటే పశువుల కుడితి తొట్టి కూడా గుర్తుకొస్తుంది. మన మిద్దె తోటల్లో పెయింటు బకెట్లు, థర్మకోల్ పెట్టెలు, కోసిన డ్రమ్ములు, పాత సింకులు అన్నీ మట్టి మోస్తున్నాయి. వాటిలో ఏవి హద్దుకు లోపల, ఏవి వెలుపల అన్నది నిఘంటువు చూసి చెప్పగలమా?

అమెరికా న్యాయస్థానాలు ఈ ప్రశ్నను చాలాకాలం మోశాయి. 1996 నాటి మార్క్‌మన్ కేసులో వివాదమంతా 'ఇన్వెంటరీ' అన్న ఒక్క మాట మీద నడిచింది. డ్రై క్లీనింగు దుకాణంలో ఆ మాటకు బట్టల లెక్క అని అర్థమా, డబ్బు లెక్క మాత్రమే ఉన్నా సరిపోతుందా? క్లెయిము పదాలకు అర్థం చెప్పే బాధ్యత జ్యూరీది కాదు, న్యాయమూర్తిది అని సుప్రీంకోర్టు అప్పుడు తేల్చింది. 2002 తర్వాత కొంతకాలం నిఘంటువులకు పెద్దపీట దక్కింది. 2005లో ఫిలిప్స్ కేసు విస్తృత ధర్మాసనం ఆ ధోరణిని వెనక్కి తిప్పి, పదార్థాన్ని ముందుగా పేటెంటు వివరణలోనే వెదకాలంది. ఆ కేసులో గోడ పలకల లోపలి 'బాఫిల్స్' అనే ఉక్కు అడ్డులు లంబకోణంలో ఉంటే అవి బాఫిల్స్ కావా అన్నది ప్రశ్న. వివరణలో చూపిన ఉదాహరణలను బట్టి కింది కోర్టు కావని అర్థాన్ని కుదించింది. విస్తృత ధర్మాసనం ఆ కుదింపును ఒప్పుకోలేదు. వివరణను చదవాలి, కాని అందులోని ఉదాహరణను క్లెయిములోకి లాక్కురాకూడదు. మీమాంసకులు విధివాక్యాన్ని, దానిని పొగిడే అర్థవాదాన్ని వేరుచేసి చూసిన తీరు ఎరిగినవారికి ఈ జాగ్రత్త కొత్తది కాదు. అర్థవాదం విధికి తోడ్పడుతుంది, విధిని పుట్టించదు.

రెండు చిన్న అక్షరాల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నమూనాలో "ఇవి ఉంటాయి" అని ఉంది. అది తెరిచిన తలుపు: ఈ దశలతో పాటు వేపపిండి కలిపినా, పందిరి వేసినా క్లెయిము నుంచి తప్పించుకోలేరు. "ఇవే ఉంటాయి" అంటే తలుపు మూసుకుంటుంది. మరొక దశ చేరితే సాధారణంగా హద్దు దాటినట్టే. ఆంగ్లంలో ఈ తేడాకు రెండు వేర్వేరు క్రియాపదాలు కావాలి. తెలుగులో అవధారణార్థకమైన ఒక్క ఏకారం చాలు. అది ఎంత సులభంగా వస్తుందో అంత సులభంగా అచ్చులో జారిపోతుంది కూడా. అలాగే ఆంగ్లంలోని 'ఎ' అనే అనిశ్చితార్థకాన్ని 'ఒక' అని అనువదిస్తే, తెరిచిన క్లెయిములో "ఒకటి లేదా అంతకంటె ఎక్కువ" అని కోర్టులు చెప్పే అర్థం పోయి సంఖ్యావాచకం మిగులుతుంది. నమూనాలో 'ఒక' లేకపోవడానికి కారణం అదే.

క్రమం

వంటల పుస్తకమైనా, వ్యవసాయ సలహా అయినా, తెలుగు రచయిత పద్ధతిని చెప్పవలసి వస్తే క్త్వార్థకం దానంతట అదే వచ్చేస్తుంది. కడిగి, తరిగి, వేయించి దించాలి. నారు పోసి, పీకి, నాటాలి. కనుక పై నమూనాను ఏ పత్రికకైనా తెలుగు చేసే వ్యక్తి ఇలా రాస్తాడని ఊహించడం కష్టం కాదు: "తొట్టెను మట్టితో నింపి, ఎరువు పట్టీ వేసి, కవరు కప్పి, చీలికల గుండా మొక్కలు నాటి, గొట్టం ద్వారా నీరు పోసి పెంచే పద్ధతి." చదవడానికి ఇదే హాయిగా ఉంటుంది. క్లెయిముగా మాత్రం ఇది వేరొక క్లెయిము.

సంస్కృతంలో క్త్వా ప్రత్యయానికి పాణిని అష్టాధ్యాయి 3.4.21లో రెండు షరతులు పెట్టాడు. రెండు పనులకూ కర్త ఒకడే కావాలి. ప్రత్యయం చేరిన పని ముందటిది కావాలి. తెలుగు క్త్వార్థకం సహజంగా ఈ రెండింటినీ మోస్తుంది. ఆంగ్ల క్లెయిములో వాడే క్రియానామాలకు ఈ రెండూ లేవు. అవి వరుసగా రాసి ఉంటాయి గాని వరుసగా చేయాలని చెప్పవు. అమెరికా ఫెడరల్ సర్క్యూట్ 2001లో ఇంటరాక్టివ్ గిఫ్ట్ ఎక్స్‌ప్రెస్ కేసులో చెప్పిన సూత్రం ప్రకారం, పద్ధతిలోని దశలు రాసిన వరుసలోనే జరగాలన్న నియమం మామూలుగా లేదు. వాక్యంలోని వ్యాకరణమో తర్కమో కోరితేనే వరుస కట్టుబాటవుతుంది. అవి కోరకపోతే, వివరణ ఆ వరుసను కోరుతుందేమో చూడాలి.

ఇక్కడ పూర్వమీమాంస చేసిన విభజన ఎంతో ఉపయోగపడుతుంది. పనుల వరుసను నిర్ణయించడానికి మీమాంసకులు ఆరు ప్రమాణాలు చెప్పారు: శ్రుతి, అర్థం, పాఠం, స్థానం, ముఖ్యం, ప్రవృత్తి. ముందున్నది వెనుకటిదానికంటె బలమైనది. శ్రుతిక్రమానికి వారిచ్చే ప్రసిద్ధ ఉదాహరణ దర్భకట్టను చేసి వేదిని చేయడం. అక్కడ వరుసను తెలిపేది క్త్వా ప్రత్యయమే. అర్థక్రమానికి ఉదాహరణ అగ్నిహోత్రం, జావ. పాఠంలో హోమం ముందు, జావ వండడం తర్వాత వస్తాయి. కాని హోమం చేయవలసింది ఆ జావతోనే కనుక వండడమే ముందు జరగాలి. అమెరికా కోర్టు 'వ్యాకరణం' అన్నది శ్రుతిక్రమానికి, 'తర్కం' అన్నది అర్థక్రమానికి దాదాపు సరిపోతాయి. తేడా మూడవ మెట్టు దగ్గర వస్తుంది. బలమైన ప్రమాణం అడ్డురాకపోతే పాఠక్రమాన్నే పాటించాలని మీమాంసకుడంటాడు. రాసిన వరుసకు ఆ బలం లేదని కోర్టు అంటుంది. యజ్ఞంలో సందేహం వస్తే ఏదో ఒక వరుస తేలక తప్పదు. పేటెంటులో సందేహాన్ని అలాగే వదిలేస్తే హక్కుదారుకు లాభం. ఈ భేదానికి మూలం ప్రయోజనంలో ఉంది. రెండు సంప్రదాయాలూ ఒకటేనని చూపే ఉత్సాహంలో దీనిని దాటవేయకూడదు.

నమూనాకు తిరిగివస్తే, నింపడం ముందు, ఎరువు వేయడం తర్వాత అన్నది అర్థక్రమం. మిశ్రమం లేనిదే దానికి పైభాగం లేదు. కప్పడం, నాటడం మధ్య సంగతి అంత తేలిక కాదు. "ఆ కవరులోని చీలికల గుండా నాటడం" అంటే కవరు ముందే ఉండాలనిపిస్తుంది. కాని మొక్కను ముందుగా మట్టిలో నాటి, ఆ తర్వాత కవరు పరచి, చీలిక కోసి మొక్కను పైకి తీసే తోటమాలి ఉంటాడు. చివరికి తొట్టె చూస్తే రెండింటికీ తేడా కనబడదు. అతడు చీలిక గుండా నాటాడా? నాటలేదు, చీలిక గుండా తీశాడు. 'గుండా' అనే విభక్తి నాటే క్రియకు అన్వయించినంత కాలం అతడు హద్దు బయటే ఉన్నాడని వాదించవచ్చు. నీరు పోయడానికి మాత్రం ఏ వరుసా లేదు. ఎరువు వేయక ముందే నీటి అర నింపినవాడు నమూనా క్లెయిములో చిక్కుతాడు. అదే క్త్వార్థకాలతో చేసిన తెలుగు వాక్యాన్ని ప్రమాణంగా తీసుకుంటే నిక్షేపంగా బయటపడతాడు.

ఈ వాదానికి ఒక ఆక్షేపణ ఉంది. తెలుగు క్త్వార్థకం ఎప్పుడూ పూర్వకాలాన్నే చెప్పదు. "కూర్చుని తిన్నాడు" అంటే కూర్చోవడం ముగిసి తినడం మొదలైందని కాదు. ఆ రూపం తీరును చెబుతోంది. ఆక్షేపణ సరైనదే గాని అది స్థితిని తెలిపే క్రియల దగ్గర చెల్లుతుంది. నింపు, కప్పు, నాటు వంటి ముగింపు గల పనుల దగ్గర పూర్వకాలార్థం తప్ప మరొకటి స్ఫురించదు.

కర్త

క్త్వార్థకం రెండవ షరతు మరింత లోతైనది. ఒక నర్సరీ తొట్టెను మట్టితో నింపి, ఎరువు పట్టీ వేసి, కవరు కప్పి అమ్ముతుందనుకోవాలి. కొన్న గృహిణి మొక్కలు నాటి నీరు పోస్తుంది. పద్ధతిలోని దశలన్నీ జరిగాయి. అన్నీ చేసినవారు ఎవరూ లేరు. హక్కును ఉల్లంఘించింది ఎవరు?

ఇది ఊహాప్రశ్న కాదు. ఇంటర్నెట్ సమాచార పంపిణీ పద్ధతికి సంబంధించిన అకమాయ్, లైమ్‌లైట్ వ్యాజ్యంలో సరిగ్గా ఇదే చిక్కు వచ్చింది. కొన్ని దశలను సంస్థ చేసింది, ఒకటి రెండు దశలను దాని ఖాతాదారులు చేశారు. 2014లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పినదేమంటే, ప్రత్యక్షమైన ఉల్లంఘన లేనిదే ఉల్లంఘనకు ప్రేరేపించారన్న నింద నిలవదు. 2015లో ఫెడరల్ సర్క్యూట్ విస్తృత ధర్మాసనం, ఇతరులు చేసిన దశలను ఒకే కర్తకు ఎప్పుడు ఆపాదించవచ్చో వివరించింది. సేవ పొందాలంటే ఆ దశలు చేయాలని షరతు పెట్టి, వాటి తీరును లేదా సమయాన్ని నిర్ణయించినవారే కర్త అని నిలబెట్టింది. ఏళ్లు సాగిన ఈ తగవు అసలు ప్రశ్న ఏమిటి? క్రియానామాల వరుస వెనుక దాగిన కర్త ఒకడా, పలువురా అన్నదే. ఆంగ్ల వాక్యం కర్తను ఖాళీగా వదిలింది. తెలుగులో "నింపి, వేసి, కప్పి, నాటి, పోసి" అన్న వెంటనే ఆ ఖాళీ పూరింపబడుతుంది. "నర్సరీవారు తొట్టెను నింపి గృహిణి మొక్కలు నాటింది" అన్న వాక్యం తెలుగు చెవికి ఆనదు. "వాన పడి వరి మునిగింది" అని భిన్నకర్తృకంగా అనగలం. కాని అక్కడ పడడం, మునగడం ఎవరూ పూనుకొని చేసే పనులు కావు, మొదటిది రెండవదానికి కారణం మాత్రమే.

అంటే క్త్వార్థకాన్ని ఎంచుకొన్న అనువాదకుడు, తనకు తెలియకుండానే, రెండు న్యాయవివాదాలకు తీర్పు చెప్పేశాడు. వరుస తప్పనిసరి అన్నాడు. కర్త ఒక్కడే అన్నాడు. రెండూ హక్కును కుదించే తీర్పులే. మూల క్లెయిము మాత్రం కుదించుకోదు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబం పెరటి పెట్టెల్లో గోంగూర, బీర పెంచుకుంటూ, తెలుగులో చదివిన వివరణను నమ్మి "మనం చేసే వరుస వేరు" అనుకొంటే ఆ నమ్మకానికి చట్టంలో చోటు లేదు. బ్రిటన్ 1977 చట్టం సొంతానికి, వ్యాపారేతరంగా చేసుకొనే పనిని ఉల్లంఘన నుంచి మినహాయించింది. అమెరికా చట్టంలో అటువంటి మినహాయింపు లేదు.

ముఖ్యార్థబాధ

నమూనాలో మరొక గుంట ఉంది. "తొట్టెను మట్టి మిశ్రమంతో నింపడం" అన్నారు. నీటి అర కూడా తొట్టెలో భాగమే. అక్షరాలా నింపితే ఆ అర కూడా మట్టితో పూడిపోతుంది. పద్ధతి ప్రయోజనమే చెడుతుంది. గంగలో గొల్లపల్లె ఉందన్న శాస్త్రోదాహరణలో వలె ఇక్కడ ముఖ్యార్థానికి బాధ కలుగుతోంది. లక్షణతో 'పలక పైభాగాన్ని నింపడం' అని సరిపెట్టుకోవడం ఆలంకారికుడికి సహజం. కోర్టు అలా సరిపెడుతుందని చెప్పలేం. 2004 నాటి షెఫ్ అమెరికా కేసులో క్లెయిము, పిండిని సుమారు 400 నుంచి 850 డిగ్రీల ఫారన్‌హీట్ ఉష్ణోగ్రతకు వేడిచేయాలంది. పొయ్యిలోని వేడి అంత ఉండాలన్నది రచయితల ఉద్దేశమని వాదించారు; పిండే అంత వేడెక్కితే మాడి బొగ్గవుతుంది. కోర్టు మాత్రం రాసిందే అర్థమంది. అర్థం అసంగతమైనా క్లెయిమును తిరగరాయడం తమ పని కాదంది. 'డిగ్రీలకు వేడిచేయడం', 'డిగ్రీల వేడిలో కాల్చడం': ఒక్క విభక్తి తేడాతో హక్కు చేజారింది. లక్షణకు ముఖ్యార్థబాధ మొదటి మెట్టని ఒప్పుకొనే సంప్రదాయం నుంచి చూస్తే ఈ తీర్పు కఠినంగానే కనబడుతుంది. కాని హక్కు బయట నిలబడిన మూడో మనిషికి ఆ వాక్యం తప్ప మరో సూచన లేదన్న సంగతిని కూడా విస్మరించరాదు.

మన చట్టంలో

భారత పేటెంట్ల చట్టం, 1970 మూడవ సెక్షనులోని (హెచ్) క్లాజు వ్యవసాయ, ఉద్యాన పద్ధతులను ఆవిష్కరణలుగా గుర్తించదు. కనుక నమూనా క్లెయిము ఉన్నదున్నట్టుగా ఇక్కడ నిలవడం కష్టం. పెట్టెకు హక్కు రావచ్చు, పెంచే పద్ధతికి రాదు. అయితే వాక్యనిర్మాణం ఈ నిషేధాన్ని చుట్టుదారిన దాటాలని చూస్తుంది. "మట్టితో నింపిన, పైన ఎరువు పట్టీ వేసిన, నీరు చొరని కవరు కప్పిన తొట్టె" అని రాస్తే అది వస్తువు మీది క్లెయిములా కనబడుతుంది. క్రియలు ఎక్కడికీ పోలేదు. భూతకాల ధాతుజ విశేషణాలుగా మారి నామవాచకం ముందు కూర్చున్నాయి. నింపిన తొట్టెకు, నింపే తొట్టెకు మధ్య ఉన్న తేడా నిర్మాణంలో ఉందా, జరిగిన పనిలో మాత్రమే ఉందా అన్నది అడిగితే ముసుగు తొలగుతుంది. పరీక్షాధికారి అడగవలసిన ఈ ప్రశ్న పూర్తిగా వ్యాకరణ ప్రశ్న.

పేటెంటు నియమావళి ప్రకారం దరఖాస్తు పత్రాలు హిందీలోనో ఆంగ్లంలోనో ఉండాలి. చేనేతలో ఆసు పోయడం అన్న మాటకు ఆంగ్లంలో ఒక్క పదం దొరకదు. అయినా ఆసు యంత్రాన్ని రూపొందించిన పద్మశ్రీ చింతకింది మల్లేశం వంటి ఆవిష్కర్త హక్కు కోరాలంటే పరభాషావాక్యంలోనే కోరాలి. తెలుగులో క్లెయిము గద్యం పెరగకపోవడానికి ఈ నియమం ఒక కారణం. కాని చదివేవారి కోసం చేసే అనువాదానికి ఏ నియమమూ అడ్డు లేదు. అటువంటి అనువాదంలో దశలను 'నింపడం, వేయడం, కప్పడం' అని భావార్థకాలతోనే ఉంచాలి. గ్రాంథికం కావాలనుకొంటే 'నింపుట, వేయుట' అనవచ్చు. వివరణ వరుసను స్పష్టంగా కోరినచోట మాత్రమే 'నింపిన తరువాత' అని విడదీసి రాయాలి. ఏకకాలంలో జరిగే పనికి 'పోస్తూ' వంటి శత్రర్థకం ఉండనే ఉంది. వాక్యం బిగుసుగా, కొంత కర్ణకఠోరంగా తయారవుతుంది. మూలమూ అలాగే ఉంటుంది.

అప్పటికీ ఒక చిక్కు మిగులుతుంది. నమూనాలో ప్రతి దశలోనూ 'ఆ' వచ్చింది: ఆ తొట్టె, ఆ మిశ్రమం, ఆ కవరు. ఆంగ్ల క్లెయిములో ఇది పూర్వోక్తాన్ని కట్టివేసే పదం. తెలుగులో 'ఆ' పూర్వోక్తాన్నే కాక దూరాన ఉన్నదానినీ చూపుతుంది. 'సదరు' అన్న కచేరీ మాట ఈ పనికి చక్కగా సరిపోతుంది. దస్తావేజుల్లో ఎన్నో ఏళ్లుగా పొలం హద్దులు చెప్పింది ఆ మాటే.